అది నీ బొమ్మరిల్లేగా అమ్మా!

ప్రశ్న: మాది విశాఖపట్నం. నాకు 36 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. అత్తయ్య మాతోనే ఉంటారు. కిందటి ఆగస్టులో పిల్లల కోసం చెక్క బొమ్మరిల్లు కిట్ తెప్పించాను. రెండంతస్తులు, ఆరు గదులు, మెట్లు, బాల్కనీ. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని ఐదు నెలల్లో పూర్తి చేశాను. గోడలకు రంగులు, పైకప్పుకు పెంకులు, కిటికీలకు పరదాలు, లోపల బుల్లి లైట్లు. మధ్యలో ఒకరోజు నేను లేనప్పుడు పెద్దమ్మాయి ఒక కిటికీకి పసుపు రంగు పూసేసింది. అదంతా గీకి మళ్లీ తెల్లరంగు వేసేసరికి రెండు రాత్రులు పట్టింది. అయిపోయాక హాల్లో షోకేస్ మీద పెట్టి, దుమ్ము పడకుండా పాత చున్నీ కప్పాను. నేను ఇంట్లో ఉన్నప్పుడే ముట్టుకోవాలని పిల్లలకు చెప్పాను.

సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్లు విజయనగరం నుంచి వచ్చారు. ముక్కనుమ నాడు నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి బొమ్మరిల్లు లేదు. ఆడపడుచు కూతురు ముచ్చటపడిందని అత్తయ్య కారు డిక్కీలో పెట్టించి పంపేశారు. అడిగితే "ఇక్కడ ఎవరూ ఆడట్లేదు కదమ్మా" అన్నారు. మావారు "పోనీలే, ఇంకోటి కొందాం" అన్నారు. ఆఖరికి మా పెద్దమ్మాయి కూడా "పోనీలే, అది నీ బొమ్మరిల్లేగా అమ్మా" అంది. ఈ ఇంట్లో నా కష్టానికి విలువే లేదనిపించింది. నెల రోజులుగా అత్తయ్యతో ముభావంగా ఉంటున్నాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో కొండపల్లి బొమ్మలుండేవి. కొలువు అయిపోగానే నాయనమ్మ వాటిని పెట్టెలో పెట్టి తాళం వేసేది. నా పిల్లలకు అలాంటి లోటు ఉండకూడదనుకున్నాను. గొడవ కాకుండా ఆ బొమ్మరిల్లు వెనక్కి తెప్పించుకోవడం ఎలా?

జవాబు: వెనక్కి అడగకండి. ఒక చిన్నపిల్ల నెల రోజులుగా ఆడుకుంటున్నదాన్ని మళ్లీ డిక్కీలో ఎక్కించి తెచ్చుకుంటే, ఆ తర్వాత దాని వంక చూడబుద్ధి కాదు మీకు. మీరడిగినదానికి నా జవాబు ఇంతే.

అత్తగారు చేసింది తప్పే. కోడలు ఐదు నెలలు నిద్ర మానుకుని చేసిన వస్తువును, ఆమె ఇంట్లో లేని పూట చూసి కూతురి కారెక్కించడం పెద్దరికం అనిపించుకోదు. మీవారి "ఇంకోటి కొందాం" కూడా నాకు నచ్చలేదు. డబ్బు పెట్టి కొన్నది నాలుగు చెక్క పలకలూ ఒక కాగితమూ. మిగతాదంతా మీ చేతులు చేశాయని ఆయనకు తెలుసు. తల్లితో ఒక్క మాట అనాల్సింది, అనలేదు. ఇక ఆయన కోసం ఎదురుచూడకుండా ఆ మాట మీరే అనండి. ముఖం ముడుచుకుని ఇంకో నెల గడపడం మీకే నరకం. "అత్తయ్యా, పిల్లల వస్తువు ఎవరికైనా ఇచ్చేముందు పిల్లల్ని ఒకసారి అడగండి" అనండి. గొంతు పెంచకుండా, వంటింట్లో పని చేసుకుంటూ అనండి చాలు. "నన్ను అడగండి" అని మాత్రం అనొద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అత్తగారి మాట, భర్త మాట, కూతురి మాట, మూడింటినీ ఒకే గాటన కట్టేశారు మీరు. ముగ్గురూ కలిసి మీ కష్టాన్ని తేలిక చేశారనుకున్నారు. పెద్దమ్మాయి చేసింది అది కాదమ్మా. తన కోసం వచ్చిన బొమ్మరిల్లు ఇంట్లోంచి వెళ్లిపోతే తొమ్మిదేళ్ల పిల్ల ఏడవలేదు, అలగలేదు, నాయనమ్మతో పోట్లాడలేదు. పైగా మిమ్మల్నే ఓదార్చింది. పోయింది తనదని ఆ పిల్ల ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నా గుండె కలుక్కుమన్నది అక్కడ. మీకూ అత్తగారికీ మధ్య ఉన్నది ఇవాళ కాకపోతే రేపు సర్దుకుంటుంది. మీకూ పెద్దమ్మాయికీ మధ్య ఏం జరిగిందో మీరింకా చూడలేదు.

ఆ పసుపు కిటికీ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి దాటేశారు. నేను దాటలేకపోయాను. ఈ కిట్లలో కిటికీ చట్రం అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. మధ్యలో అడ్డంగా నిలువుగా సన్నని కమ్ములు. రంగు కాస్త ఎక్కువైతే మూలల్లో ముద్ద కడుతుంది, గట్టిగా నొక్కితే కమ్మి పుటుక్కుమంటుంది. అలాంటిదాన్ని ఆ పిల్ల విరగ్గొట్టకుండా మొత్తం పూసిందంటే ఎంత ఊపిరి బిగబట్టి కూర్చుందో! మీరు లేనప్పుడే ఎందుకు పూసింది? మీరుంటే పూయనివ్వరు కాబట్టి. మర్నాడో ఆ మర్నాడో అది తెల్లగా మారిపోయి ఉంటుంది. అది చూసి ఏమందో మీరు రాయలేదు. ఏమీ అనలేదేమో. బొమ్మరిల్లు మీ ఇంట్లోంచి పోయింది ముక్కనుమ నాడు. ఆ పిల్ల మాత్రం అంతకు ముందే దాన్ని వదిలేసుకుంది.

ఇంకో మాట చెప్తే నొచ్చుకోకండి. నాయనమ్మ తాళం వేసింది, మీరు చున్నీ కప్పారు. నాయనమ్మ వైపు కాస్త న్యాయం కూడా ఉంది. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేసేది. బెండులా తేలిగ్గా ఉంటుంది, కిందపడితే ముక్కో చెయ్యో ఊడుతుంది. కొలువు బొమ్మలు కళ్లతో చూసేవని ఆ ఇళ్లల్లో అందరికీ తెలుసు. చేతులతో ఆడేందుకు లక్కపిడతలుండేవి, అటుకులూ బెల్లంతో గుజ్జనగూళ్లు వండుకునేవాళ్లు. ఏది చూడ్డానికి, ఏది ఆడ్డానికి అన్నది పిల్లలకు స్పష్టంగా తెలిసేది. మీరు ఆడుకునేదని చెప్పి చూసేది కట్టారు.

చూసే బొమ్మరిళ్లు లోకంలో లేకపోలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ అనే సంపన్న ఇల్లాలి బొమ్మరిల్లు ఉంది. 1686 ప్రాంతంలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి అమర్చుకుంది ఆవిడ. ఇంగ్లండులో విండ్సర్ కోటలో మేరీ రాణి బొమ్మరిల్లు ఉంది. 1921 నుంచి 1924 దాకా కట్టారు, అందులో కుళాయి తిప్పితే నిజంగానే నీళ్లొచ్చేలా అమర్చారు. ఆ రెండూ పెద్దవాళ్ల ముచ్చట కోసం చేసినవే. పిల్లలు ఆడుకోవడానికి చేసినవి కావు, అలాగని ఎవరూ చెప్పుకోలేదు కూడా.

మీ రాత్రుళ్లను నేను చిన్నచూపు చూడటం లేదు. పొద్దున్నే క్యారేజీలు, పగలంతా కౌంటరు, సాయంత్రం హోంవర్కులు. వీటి తర్వాత మిగిలిన ఒక్క గంటలో ఒక ఆడమనిషి తన చేతులతో ఒక అందమైన వస్తువు చేసుకుందంటే నాకు దండం పెట్టాలనిపిస్తుంది. ఆ గంట మీది. దాన్ని ఎవరి కోసమూ వదులుకోవద్దు. ఇంకో బొమ్మరిల్లు కట్టాలనిపిస్తే మీకోసమని చెప్పి కట్టుకోండి, అద్దాల పెట్టె చేయించి అందులో పెట్టుకోండి, "ఇది అమ్మది, ఎవరూ ముట్టుకోవద్దు" అని అందరి ముందూ చెప్పండి. అప్పుడు దాన్ని ఎవరికో ఇచ్చే ధైర్యం అత్తగారికీ రాదు. తల్లి తనకోసం ఒక పని పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. దానికి పిల్లల పేరు పెట్టి, ఆ పిల్లల్నే దూరంగా నిలబెట్టడం తప్పు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ముందు పెద్దమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని ఆ కిటికీ మాట ఎత్తండి. "నువ్వేసిన పసుపు రంగు తీసేశాను, నిన్ను అడక్కుండా తీసేశాను, తప్పు చేశాను" అనండి. పక్కన "కానీ" అని ఏమీ చేర్చకండి. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పిల్లలకు క్షమాపణ చెప్పే అలవాటు లేదు. పిల్లల ముందు లోకువైపోతామని భయం. నా అనుభవంలో అలా ఏ తల్లీ లోకువ కాలేదు.

ఆ తర్వాత మీవారి చేత ఆ "ఇంకోటి" కొనిపించండి. మాట ఆయనదే కాబట్టి డబ్బూ ఆయనే పెట్టాలి. ఈసారి ఆదివారం పగటిపూట, హాలు మధ్యలో పాత దుప్పటి పరిచి, పిల్లలిద్దరితో కలిసి కట్టండి. ఒకటికి పన్నెండు కొలతది తీసుకోండి, అంటే అసలు ఇంట్లో అడుగు ఇందులో అంగుళం అవుతుంది. చిన్నదాని చెయ్యి గదిలోకి హాయిగా దూరుతుంది. ఒకటికి ఇరవై నాలుగు కొలతవి అందులో సగమే, ఆరేళ్ల వేళ్లకు అందవు.

పోయిన వేసవిలో మా మనవరాలితో కలిసి నేనూ ఒకటి కట్టాను కాబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నాను. పలకల్లోంచి ముక్కలు విడదీసి నంబర్ల ప్రకారం పేర్చే పని చిన్నదానికివ్వండి. లేజర్‌తో కోసిన అంచులు మాడి నల్లగా ఉంటాయి, వేలికి మసి అంటుతుంది. వాటిని 120 నంబరు ఎమరీ పేపరుతోనూ, తర్వాత 220తోనూ రుద్దే పని పెద్దది బ్రహ్మాండంగా చేస్తుంది. రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టండి. జిగురు పెట్టకముందు ఇల్లంతా ఒకసారి మాస్కింగ్ టేపుతో ఉత్తినే నిలబెట్టి చూడండి. ఏ గది ఎవరిదో పిల్లలు పంచుకునేది అప్పుడే. మళ్లీ విప్పి, గోడలు పడుకోబెట్టి ఉన్నప్పుడే రంగులు వేసుకుంటే చిన్న చేతులకు తేలిక. ఎనామిల్ వద్దు, రోజుల తరబడి వాసన పోదు. నీళ్లలో కలిసే అక్రిలిక్ రంగులు చాలు. పలుచటి ప్లైవుడ్‌కు ఒకవైపే రంగు వేస్తే తేమకు అప్పడంలా వంగుతుంది. మాకు ఒక గోడ అలాగే పాడైంది. మీది సముద్రపు ఊరు, రెండువైపులా తప్పకుండా వేయండి. సందులు మిగిలితే రుద్దగా రాలిన పొట్టులో ఫెవికాల్ కలిపి పూడ్చండి. కొండపల్లి పనివాళ్లు చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి చేసే మక్కు కూడా ఇలాంటిదే. ఆ ముద్ద కలపడం పిల్లలకు భలే ఇష్టం. లైట్లు పెడితే గుండీ బ్యాటరీల పెట్టెకు మాత్రం మీరే స్క్రూ బిగించండి. అవి పొరపాటున గొంతులోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

గోడలకు పాత శుభలేఖలు అతికించనివ్వండి, అవి వంకరగా వస్తాయి. పెంకులు వరస తప్పుతాయి. చిన్నది మెట్లకు జిగురు ఎక్కువ పెడుతుంది, అది కారి మరకవుతుంది. తడిగుడ్డ అందించండి, తుడవాలా వద్దా అన్నది తనకే వదిలేయండి. వాళ్లు పడుకున్నాక లేచి సరిచేయాలనిపిస్తుంది. అక్కడే మీకు అసలు పరీక్ష. రామకృష్ణా బీచ్‌లో పిల్లలు పాదం మీద తడి ఇసుక కప్పి పిచ్చుకగూళ్లు కడుతుంటే చూసే ఉంటారు. ఏ తల్లీ వంగి ఆ గూటి అంచు సవరించదు. ఇక్కడా అలాగే కూర్చోండి. ఇల్లు పూర్తయ్యాక అత్తగారిని గృహప్రవేశానికి పిలిచే బాధ్యత పిల్లలకే అప్పజెప్పండి. వాళ్లు కట్టిన ఇల్లు చూశాక ఆవిడకు నేను చెప్పగలిగినదేమీ మిగలదు.

పెద్దమ్మాయి ఒకవేళ "నాకు బొమ్మరిల్లు వద్దు" అంటే బలవంతం చేయకండి. అలా అనే అవకాశం చాలా ఉంది, ఆ వయసు కూడా దాటుతోంది. ఏం కావాలో అడగండి. సైకిలంటే సైకిలే కొనండి. చెల్లెలి కోసం కట్టే ఇంట్లో ఒక్క కిటికీకి రంగు వేసిపెడతావా అని మాత్రం అడిగి చూడండి. అడిగే ముందు ఆ పసుపు రంగు డబ్బా ఎక్కడుందో వెతకండి. ఎండిపోయి ఉంటే కొత్తది తెచ్చి, దానికి కనపడేచోట పెట్టండి.