అద్దె, కారు వదిలేసి బోటులో కాపురం పెడితే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మా ఇద్దరికీ యాభై దాటాయి. పిల్లల బాధ్యతలు తీరాయి. ఇద్దరివీ ఎక్కడి నుంచైనా చేసుకోగల ఉద్యోగాలే. రెండేళ్లపాటు ఒక సముద్రతీర నగరంలో, మెరీనాలో (బోట్లు కట్టేసుకునే రేవులో) కట్టేసిన పాత సెయిల్‌బోటులో, అంటే తెరచాప బోటులో, ఉండాలని, ఊరంతా సైకిళ్ల మీద తిరిగి చూడాలని మా కోరిక. మా నెల ఖర్చు 100 అనుకుంటే అందులో ఇంటి అద్దె 30, కారుకు 15. ఇల్లు ఖాళీ చేసి కారు అమ్మేస్తే ఈ 45 మిగిలినట్టే కదా అంటారు మా ఆయన. మా దగ్గరున్న పొదుపు 60 నెలల ఖర్చుకు సరిపోతుంది. రిటైర్మెంట్‌కు దాచుకున్నది వేరే ఉంది, దాని జోలికి పోం. పొదుపులో సగం పెడితే 10 మీటర్ల మంచి బోటు వస్తుందట. పెట్టొచ్చా?

జవాబు: మీ ఆయన లెక్కలో కారు సంగతి వరకు నిజం. ఆ 15 దాదాపు పూర్తిగా మిగులుతుంది. మిగిల్చేది మాత్రం సైకిల్, బోటు కాదు. అద్దె తాలూకు 30ని బోటు తినేసి, ఇంకా పెట్టమని అడుగుతుంది. కాబట్టి సగం పొదుపు పెట్టొద్దు. అయితే కోరిక మానుకోమనడం లేదు, బోటు సైజు తగ్గించుకోమంటున్నాను.

మీ అంకెలతోనే చూద్దాం. నెల ఖర్చు 100 అయితే పొదుపు 6000, అందులో సగం 3000. బోటు పోషణ ఖర్చుకు ఒక పాత అంచనా ఉంది: ధరలో ఏటా 10 శాతం. ఇదేమీ శాస్త్రం కాదు, కానీ మొదటి లెక్కకు పనికొస్తుంది. అంటే ఏడాదికి 300, నెలకు 25. మెరీనాలో కట్టుకునే చోటుకు, అంటే బెర్త్‌కు, నెలకు 18 అనుకుందాం (మీరు ఎంచుకున్న చోట కనుక్కుని ఈ అంకె మార్చుకోండి). రెండేళ్ల తర్వాత 20 శాతం తక్కువకు అమ్ముడుపోయిందని, బ్రోకర్‌కు 10 శాతం పోయిందని అనుకుంటే చేతికొచ్చేది 2160. పోయింది 840, 24 నెలలకు పంచితే నెలకు 35. మొత్తం 78. మిగులుతుందనుకున్నది 45. తేడా నెలకు 33, అంటే రెండేళ్లకు దాదాపు ఎనిమిది నెలల ఇంటి ఖర్చు. కొన్న కొత్తలో తప్పని రిపేర్లు, ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ ఇందులో వేయనేలేదు. ముందుంది ముసళ్ల పండగ.

బోటు విషయంలో కొనే ధర మీదే అందరి చూపూ ఉంటుంది. నిజానికి ఖర్చును నడిపించేది పొడవు. బెర్త్‌కు పొడవును బట్టే డబ్బు తీసుకుంటారు. చాలాచోట్ల ముందుకు పొడుచుకొచ్చిన లంగరు, వెనక వేలాడే నిచ్చెన కూడా ఆ కొలతలోకే వస్తాయి. నీళ్లలో ఉండే అడుగుభాగానికి నాచు, గుల్లలు పట్టకుండా ఏటా, లేదా రెండేళ్లకోసారి, యాంటీఫౌలింగ్ రంగు వేయించాలి. అందుకు బోటును క్రేన్‌తో పైకి తీయించాలి. ఆ ఖర్చూ పొడవు ప్రకారమే. తెరచాప, తాళ్లు అన్నీ అంతే. చవగ్గా వచ్చిందని పొడుగాటి ముసలి బోటు కొంటే, ధర తక్కువే అయినా పోషణ మాత్రం పెద్ద బోటుదే. అందుకే చవక బోటుకు ఆ 10 శాతం అంచనా పనిచేయదు.

పైకి తీసినప్పుడు ఇంకో చిక్కు ఉంది. బోట్లు బాగుచేసే యార్డుల్లో చాలావాటిలో బోటు నేల మీద ఉండగా అందులో నిద్రపోనివ్వరు. ఆ రోజులకు వేరే బస చూసుకోవాలి. మామూలు ఇంట్లో రంగులు వేయిస్తే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరుగుతాం, ఇక్కడ ఇల్లే గాల్లోకి లేస్తుంది.

మరి ఎంతలో కొనాలి? నా మాట: రిపేర్లతో కలిపి 1200 దాటొద్దు. 1000లో 8 మీటర్ల బోటు, మిగతా 200 మొదటి రిపేర్లకు. బెర్త్ పొడవును బట్టి 14కు దిగుతుంది. పోషణకు 15 వేసుకోండి. అమ్మేటప్పుడు అన్నీ పోను 700 చేతికొస్తే పోయింది, రిపేర్లతో కలిపి, 500, నెలకు 21. అప్పుడప్పుడూ బస్సుకు, టాక్సీకి, సైకిల్ టైర్లకు ఒక 3. మొత్తం 53. అంటే ఇప్పటి కన్నా నెలకు 8 ఎక్కువ. రెండేళ్లకు రెండు నెలల ఖర్చు కూడా కాదు. మీలాంటి పొదుపు ఉన్నవాళ్లు ఒక కోరిక కోసం అంత పెట్టడంలో నాకు తప్పేమీ కనిపించదు. డబ్బు మిగులుతుందని చెప్పుకుని వెళ్లడమే తప్పు. మిగలదు.

అప్పు మాత్రం వద్దు. విలువ తరిగే వస్తువుకు వడ్డీ కడుతూ పోతే, బోటు అమ్మేశాక కూడా వాయిదాలు మిగిలే ప్రమాదం ఉంది.

ఇక సైకిల్. కారు మిగుల్చుతున్న 15 నిలబడుతుందా లేదా అన్నది మెరీనా ఎక్కడుందన్న దాని మీదే ఆధారపడుతుంది. ఊరికి దూరంగా ఉన్న మెరీనాలో బెర్త్ చవగ్గా దొరకొచ్చు. నింపాదిగా తొక్కితే గంటకు 15 కిలోమీటర్లు వెళ్తాం. మార్కెట్, ఆసుపత్రి, రైలు స్టేషన్ 5 కిలోమీటర్ల లోపుంటే 20 నిమిషాల పని. 12 కిలోమీటర్లయితే మొదటి నెల సరదాగా తొక్కుతారు, మూడో నెల టాక్సీ పిలుస్తారు, ఆరో నెల కారు కొంటారు. బెర్త్‌కు నెలకు 3 ఎక్కువైనా సరే, ఊరికి దగ్గర చోటే తీసుకోండి. బోటులో ఫ్రిజ్ చిన్నది, అల్మరాలు చిన్నవి. వారానికి సరిపడా ఒకేసారి తెచ్చుకోవడం కుదరదు. రెండు రోజులకోసారి సైకిల్‌కు సంచులు తగిలించుకుని వెళ్లాల్సిందే.

తీరంలో తొక్కేవాళ్లకు గాలి సంగతి తెలిసి ఉండాలి. పగలు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది కాబట్టి మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి లేస్తుంది. పొద్దున హాయిగా ఊళ్లోకి వెళ్లినవాళ్లు, మధ్యాహ్నం సామాన్లతో బోటుకు తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలికి తొక్కాలి. బరువు పనులు పొద్దున్నే ముగించుకోండి.

ఫోల్డింగ్ సైకిళ్లయితే లోపల పెట్టుకోవచ్చు. 20 అంగుళాల చక్రాలున్నవి 12 కిలోల అటూ ఇటూ ఉంటాయి. ఆటుపోట్లు ఎక్కువగా ఉండే చోట నీళ్లు దిగినప్పుడు పాంటూన్ (బోట్లు కట్టే తేలియాడే వేదిక) నుంచి ఒడ్డుకు ఎక్కే గ్యాంగ్‌వే నిటారుగా అవుతుంది, దాని మీద రోజూ సైకిల్ తోసుకెళ్లాలి కాబట్టి బరువు చూసుకోండి. ఖరీదైనవి కొనొద్దు. ఉప్పుగాలి ఎలాగూ తింటుంది. వారానికోసారి మంచినీళ్లతో కడిగి, తుడిచి, చెయిన్‌కు ఆయిల్ వేయాలి. అల్యూమినియం ఫ్రేములో స్టీల్ సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) ఉంటే, ఉప్పుతేమకు రెండు లోహాలూ ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. నా సైకిల్‌కు అలా బిగుసుకుపోయి చివరికి కోసి తీయాల్సి వచ్చింది. కాస్త గ్రీజు రాసి ఉంటే సరిపోయేది. బ్యాటరీ సైకిల్ అనుకుంటే, బోటులో లిథియం బ్యాటరీ ఛార్జింగ్ పెట్టుకోవచ్చో లేదో మెరీనాను, ఇన్సూరెన్స్ కంపెనీని ముందే అడగండి.

ఇన్సూరెన్స్ మాట వచ్చింది కాబట్టి: అందులోనే కాపురం ఉంటామని దరఖాస్తులో రాయండి. వారాంతపు సరదా బోటుగా చూపిస్తే ప్రీమియం తగ్గొచ్చు, తీరా క్లెయిమ్ వేసినప్పుడు తిరస్కరించొచ్చు. పాత బోటుకు చాలా కంపెనీలు సర్వే రిపోర్టు, అంటే బోటు ఎలా ఉందో నిపుణుడు చూసి రాసిచ్చే నివేదిక, అడుగుతాయి. తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే తీగలకు 10, 15 ఏళ్లు దాటితే మార్చమనేవీ ఉన్నాయి, అది పెద్ద ఖర్చు. ఎప్పుడు మార్చారో, రసీదు ఉందో అమ్మేవాళ్లను అడగండి. సర్వేయర్‌ను మీరే, మీ డబ్బుతో పెట్టుకోండి, బ్రోకర్ చూపించినవాణ్ని కాదు.

అత్యవసర నిధిగా మామూలుగా ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు తొమ్మిది నెలలు, అంటే 900, ముట్టుకోకుండా ఉంచాలి. బోటుకు ఏదైనా అయితే ఇల్లూ పోయినట్టే, ఇంజినూ పోయినట్టే, రెండు దెబ్బలూ ఒకేసారి. బ్యాంకుకు, ఆరోగ్య బీమాకు ఉత్తరాలు వచ్చే స్థిరమైన చిరునామా ఒకటి ఏర్పాటు చేసుకోండి. బెర్త్ నంబరును చాలామంది చిరునామాగా ఒప్పుకోరు.

వీటన్నిటికన్నా ముందు, అలాంటి బోటునే అదే మెరీనాలో ఒక నెల అద్దెకు తీసుకుని ఉండి చూడండి. ఎండాకాలంలో కాదు, గాలివాన ఉండే నెలలో. సైకిళ్లు తీసుకెళ్లండి. తడిబట్టలు ఎక్కడ ఆరేస్తారో, వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడాల్సి వస్తే ఎవరు డెక్ మీదకి వెళ్తారో ఆ నెలలో తేలిపోతుంది. ఆ నెల్లోనే మెరీనా ఆఫీసుకు వెళ్లి మూడు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి: అక్కడ కాపురం ఉండటానికి అనుమతి ఇస్తారా, అందుకు బెర్త్ మీద అదనంగా ఎంత, కరెంటుకు ఎంత. కొన్ని మెరీనాలు కాపురం ఉండనివ్వవు, కొన్నిటిలో ఇన్ని బోట్లకే అని పరిమితి ఉంటుంది, వెయిటింగ్ లిస్టు కూడా ఉంటుంది. ఆ కాగితం చేతికొచ్చాకే బోటుకు అడ్వాన్సు ఇవ్వండి. అప్పటిదాకా కారు అమ్మొద్దు.