డైరీలో 14 పనులు, మిగిలింది 20 రోజులు

ప్రశ్న: నా వయసు 43. గుంటూరులో ఉంటాం. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మావారి ఉద్యోగం హైదరాబాద్‌లో, శనివారం వచ్చి ఆదివారం రాత్రి వెళ్లిపోతారు. పాప హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. బాబు ఎనిమిదో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. అమ్మ తెనాలి పక్క పల్లెలో ఒక్కతే ఉంటోంది. నాన్న కళ్లజోడు ఇప్పటికీ టీవీ పక్కనే పెట్టుకుంది. ప్రతి జనవరి ఒకటిన ఆ ఏడాది చేయాల్సినవి డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. ఈసారి 14 రాశాను, ఆ జాబితా కూడా పంపుతున్నాను. మొన్న తీసి చూస్తే అయినవి రెండే: అత్తగారి కంటి ఆపరేషన్, ఇంటి లోన్‌లో కొంత ముందుగా కట్టడం. మిగిలిన రోజుల్లో వీలైనన్ని ముగిద్దామని రాత్రి 12 దాకా కూర్చుంటున్నాను. పడుకున్నా నిద్ర రావడం లేదు. బాబు మీద ఊరికే అరుస్తున్నాను. ఏదీ పూర్తి చేయలేని మనిషినా నేను?

జవాబు: కాదమ్మా. ఆ మాట మీ ఉత్తరమే చెబుతోంది. ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆ రెండు పనులూ చిన్నవి కావు. పెద్దావిడకు ఆపరేషన్ చేయించి, రోజుకు ఇన్నిసార్లని చుక్కల మందు వేసి, స్కూలుకు సెలవు సర్దుకోవడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. అవి ఎందుకు అయ్యాయో చూడండి. ఆపరేషన్‌కు డాక్టర్ ఒక తేదీ ఇచ్చారు. ఇంట్లో అందరికీ తెలుసు. మీవారు సెలవు పెట్టారు, మీరు ఆ వారం వేరే పని ముట్టుకోలేదు. మిగతా 12 పనులకు తేదీ లేదు, తోడు లేదు, వాటికోసం మీరు పక్కన పెట్టినది ఏదీ లేదు.

2012లో డాల్టన్, స్పిల్లర్ అనే పరిశోధకులు ఇదే పరిశీలించారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందే అనుకోవడం ఒకే పని ఉన్నప్పుడు బాగా పనిచేసింది. అదే ఆరు పనులకు అలా ప్లాన్ వేసుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు. అన్నీ కలిపి ఎంత కష్టమో కళ్లముందు కనిపించేసరికి పట్టుదలే సడలింది. మీరు రాత్రి 12కి డైరీ ముందు కూర్చున్నప్పుడు జరుగుతున్నది అదే. ఇందులో మీ స్వభావం తప్పేమీ లేదు.

మీరు పంపిన జాబితా నేను రెండుసార్లు చదివాను. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు మీకు వచ్చింది మీరు లెక్కల టీచర్ కాబట్టి. చుట్టాల చీటీ మీ చేతికి వచ్చింది మీరు నమ్మకస్తులు కాబట్టి. సంక్రాంతికి ఆడపడుచుల కుటుంబాలు మూడు, మొత్తం 15 మందికి పిండివంటలన్నీ ఇంట్లోనే చేయడం ఎప్పటినుంచో వస్తున్నది కాబట్టి. 8 కిలోలు తగ్గడం, స్పోకెన్ ఇంగ్లిష్, మేడ మీద కూరగాయలు, ఆగిపోయిన ఎం.ఏ., ఇవి మీకు ఇష్టమైనవే, కానీ ఈ ఏడాదివి కావు. ఇక 11వ నంబరులో 'నెలకు రెండుసార్లు అమ్మ దగ్గరికి' అని ఉంది. దాని పక్కనే ఏడాది మొత్తంలో నాలుగుసార్లే వెళ్లానని రాశారు. ఉత్తరంలో టీవీ పక్కన కళ్లజోడు దాకా రాసిందీ అమ్మ గురించే.

అందుకే నా మాట ఇది. మీ స్కూల్లో పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా రెండే పెట్టుకోండి. ఒకటి అమ్మ. రెండోది మీ నిద్ర. అదనపు క్లాసులు, పాప పరీక్షలు ఎలాగూ మీ టైమ్ తీసుకుంటాయి. వాటిని డైరీలో రాయకపోయినా అవి ఆగవు. పాపకు ఆదివారం ఫోన్ చేసినప్పుడు మార్కుల మాట ఎత్తకుండా పది నిమిషాలు మాట్లాడితే చాలు.

ఇప్పుడు కష్టమైన భాగం. చాలామంది పనిని డైరీలో కొట్టేసి వదిలేశాం అనుకుంటారు, కానీ దాని కోసం ఎదురుచూసే మనిషికి చెప్పరు. చెప్పనంతకాలం అది బరువుగానే ఉంటుంది, ఫోన్ మోగినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. కాబట్టి ఈ వారంలోనే చెప్పాలి. అసోసియేషన్ సెక్రటరీకి డిసెంబర్ 31 దాకా లెక్కలు రాసి పుస్తకం అప్పగిస్తానని చెప్పండి. "ఇంకొక్క ఏడాదే కదా మేడమ్" అంటారు. "కుదరదండి" అని మాత్రమే అనండి. కారణాలు చెప్పొద్దు. మీరు ఒక కారణం చెబితే వాళ్లు దానికో పరిష్కారం చూపిస్తారు. చీటీ సంగతి వేరు, అందులో పదిమంది డబ్బు ఉంది, మధ్యలో దిగిపోకూడదు. ఇది పూర్తి చేయండి, కొత్తది మొదలుపెట్టకండి, ఆ మాట ఇప్పుడే అందరికీ చెప్పండి.

సంక్రాంతి గురించి ఫోన్ చేయాల్సింది మీరు కాదు, మీవారు. వాళ్లు ఆయన అక్కచెల్లెళ్లు. "అక్కా, ఈసారి అరిసెలు, జంతికలు బయట చేయిస్తున్నాం, మీరు తలా ఒకటి చేసి తీసుకురండి" అని ఆయన నోట వస్తే అది ఇంటి నిర్ణయం అవుతుంది. మీ నోట వస్తే కోడలి బద్ధకం అవుతుంది. ఇది న్యాయం కాదు, నాకు తెలుసు, కానీ మన ఇళ్లలో ఇంకా ఇలాగే ఉంది. అత్తగారికి కొంచెం బాధ కలగొచ్చు. ఆవిడ చేతి సున్నుండలు ఒక్కటీ ఇంట్లో చేద్దామని అడగండి, కూర్చుని ఆవిడే చుడతారు.

మొదటి వారం మీకు ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంటుంది. చేతులు ఖాళీగా ఉంటే భయమేస్తుంది కూడా. అప్పుడు కొత్త పని వెతుక్కోవద్దు, పదిన్నరకు లైటు తీసేయండి. డైరీ పడకగదిలో ఉండకూడదు. ఇంత చేసినా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే, డాక్టర్‌ని కలవండి. ఈ వయసులో థైరాయిడ్, రక్తహీనత, నెలసరి మార్పులు కూడా ఇలాంటి అలసట, చిరాకు తెస్తాయి, పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. మనసు మరీ భారమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బాబుకు మాత్రం ఈ రాత్రే చెప్పండి, "నీ మీద అరిచింది నీ తప్పుకు కాదురా, అమ్మ అలసిపోయింది" అని. ఎనిమిదో తరగతి పిల్లాడికి అది అర్థమవుతుంది.

ఇక అమ్మ. గుంటూరు నుంచి తెనాలి పాతిక కిలోమీటర్లే. రెండో శనివారం, నాలుగో ఆదివారం అని ఇప్పుడే తేదీలు ఖాయం చేసుకుని అమ్మకు ఫోన్‌లో చెప్పేయండి. ఆపరేషన్ తేదీ లాగే దాన్నీ ఎవరూ కదపకూడదు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి పండక్కి మాత్రం ముక్కనుమ రోజు పొద్దున్నే బాబును తీసుకుని వెళ్లండి, సున్నుండలు నాలుగు పట్టుకెళ్లండి. అక్కడ ఇల్లు సర్దే పని పెట్టుకోకండి. అమ్మ పక్కన కూర్చోండి. నాన్న గురించి ఆమె మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే ఊరుకోండి. ఆ కళ్లజోడు తీసి లోపల పెట్టమని మాత్రం చెప్పకండి. ఎప్పుడు తీయాలో అమ్మకే తెలుసు.