ఆపే దారి ముందే వేసుకో

చిరంజీవి అల్లుడికి,

అత్త దీవెనలు. ల్యాబ్‌లో క్లస్టర్ బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. ఎనిమిది నోడ్ల మీద, అంటే క్లస్టర్‌లోని ఎనిమిది మెషిన్ల మీద, నడుస్తున్న జాబ్‌ని, అప్పటిదాకా చేసిన లెక్క పోకుండా ఎలా ఆపాలని అడిగావు. జాబ్‌ని ఎలా మొదలుపెట్టావన్న దాన్నిబట్టే అది ఎలా ఆగుతుందో ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

యూనిక్స్‌లో సిగ్నల్, అంటే నడుస్తున్న ప్రోగ్రాంకి (ప్రాసెస్‌కి) పంపే చిన్న సంకేతం, నెట్‌వర్క్ దాటదు. ఒక మెషిన్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) తన కింద ఉన్న ప్రాసెస్‌లకే దాన్ని అందించగలదు. ఈ మెషిన్లో 4120 నంబరు ప్రాసెస్ నీ ప్రోగ్రాం అయితే, పక్క మెషిన్లో అదే నంబరు ఇంకొకరి ఎడిటర్ కావచ్చు. ఒకే మెషిన్ అయితే ప్రాసెస్ గ్రూపు నంబరు ముందు మైనస్ గుర్తు పెట్టి కిల్ (సిగ్నల్ పంపే కమాండ్) కొడితే చాలు, గ్రూపు మొత్తానికీ అందుతుంది. మెషిన్ మారితే మాత్రం, అక్కడ మన తరఫున ఆ కిల్ కొట్టేది ఒకటి ముందునుంచే కూర్చుని ఉండాలి. ఊరూరా దండోరా వేయించాలంటే ఏ ఊరి డప్పు ఆ ఊళ్లోనే మోగాలి కదా, అలాగన్నమాట. క్లస్టర్‌లో జాబ్‌లు పంచే స్లర్మ్ వాడితే ప్రతి నోడ్ మీదా దాని డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాం) ఆ పని చేస్తుంది. ప్రాసెస్‌ల మధ్య మాటలు నడిపే ఓపెన్ ఎంపీఐలో అయితే, జాబ్‌ని లేపే ఎంపీఐరన్‌కి యూజర్1 అనే సిగ్నల్ పంపితే అదే అన్ని నోడ్లలోని ప్రాసెస్‌లకూ చేరవేస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషిన్లోకి లాగిన్ అయ్యే కమాండ్) లూప్ పెట్టి నోడ్‌నోడ్‌కీ ప్రోగ్రాం లేపే అలవాటు ఉంటే మానెయ్. టెర్మినల్ లేకుండా నడిపినప్పుడు ఇక్కడ కంట్రోల్ సీ నొక్కితే ఇక్కడి క్లయింట్ మాత్రమే పోతుంది. అవతల ప్రోగ్రాం జీపీయూ మెమరీ పట్టుకుని నడుస్తూనే ఉండొచ్చు. ఇక దాన్ని చంపడానికి పీకిల్‌కి మైనస్ ఎఫ్ ఇచ్చి పేరుతో వెతికిస్తారు. అదే వరసలో ఇంకో కమాండ్ కూడా ఉంటే, ఆ కమాండ్లు నడిపే అవతలి షెల్ వరసలోనూ అదే పేరు ఉంటుంది కనుక, షెల్ కూడా చచ్చి మిగతా పని ఆగిపోతుంది. అదే నోడ్ మీద నీదే ఇంకో జాబ్ ఉంటే అదీ పోతుంది. జాబ్ నంబరుతో ఆపగలిగినప్పుడు పేరుతో ఆపకు.

స్లర్మ్‌లో అందరూ తడబడే చోటు ఒకటుంది. జాబ్‌కి సిగ్నల్ పంపే ఎస్‌క్యాన్సెల్ కమాండ్‌తో యూజర్1 పంపితే అది ఎస్‌రన్ కమాండ్‌తో లేపిన స్టెప్పులకే (జాబ్‌లోని భాగాలకే) వెళ్తుంది, బ్యాచ్ స్క్రిప్టుకి (జాబ్ కోసం నువ్విచ్చిన కమాండ్ల ఫైలుకి) వెళ్లదు. ఎస్‌రన్ లేకుండా స్క్రిప్టులో నేరుగా పైథాన్ నడిపితే దానికి ఏమీ అందదు. స్క్రిప్టుకీ దాని పిల్లలకీ కూడా అందాలంటే ఫుల్ అనే ఆప్షన్ ఇవ్వు. స్క్రిప్టులో ట్రాప్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే వరస) పెడితే ఇంకో మెలిక: ముందు నడుస్తున్న కమాండ్ పూర్తయ్యేదాకా ఆ స్క్రిప్టు నడిపే బ్యాష్ షెల్ ఆ ట్రాప్‌ని ముట్టుకోదు. అందుకని ఎస్‌రన్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టి వెయిట్‌తో కూర్చోబెట్టు. సిగ్నల్ రాగానే వెయిట్ వెనక్కి వస్తుంది, ట్రాప్ నడిచాక మళ్లీ వెయిట్ పిలవాలి.

యూజర్1 పేరు సాధువుగా ఉన్నా, హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే కోడ్) పెట్టని ప్రాసెస్‌ని అది చంపేస్తుంది. గ్రూపుకి పంపితే డేటా చదివే చిన్న సహాయక ప్రాసెస్‌లకీ వెళ్తుంది. వాటిలో దాన్ని పట్టించుకోవద్దని ముందే చెప్పి ఉంచు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. సిగ్నల్ అన్ని ర్యాంకులకూ (జాబ్‌లోని ఒక్కో ప్రాసెస్‌ని ర్యాంకు అంటారు) ఒకే క్షణంలో చేరదు. ఒక ర్యాంకు లెక్కలో 100వ అడుగులో ఉండగా అందుకుంటే, ఇంకోటి 101లో అందుకుంటుంది. ఎవరికి వారు చెక్‌పాయింట్ (అప్పటిదాకా చేసిన లెక్క దాచే ఫైలు) రాసేస్తే ఆ ఫైళ్లు ఒకదానికొకటి పొసగవు. ఒకరు ఆల్‌రెడ్యూస్‌లో (అందరి విలువలూ కలిపి ఫలితం అందరికీ ఇచ్చే ఎంపీఐ పిలుపులో) ఎదురుచూస్తుంటే ఇంకొకరు బయటికెళ్లిపోయి జాబ్ మొత్తం బిగుసుకుపోవడమూ జరుగుతుంది. అందుకని హ్యాండ్లర్‌లో ఒక జెండా మాత్రం ఎత్తు, ఇంకేమీ చేయకు. ప్రతి కొన్ని అడుగులకోసారి అందరి జెండాలనూ ఆల్‌రెడ్యూస్‌తో కలిపి చూడు. ఒక్కరిది లేచి ఉన్నా అందరూ అదే అడుగు దగ్గర ఆగి రాయాలి. రాసేది తాత్కాలిక ఫైలులోకి, పూర్తయ్యాక పేరు మార్చు. మధ్యలో కిల్ 9 (బలవంతంగా చంపే సిగ్నల్) పడినా పాత చెక్‌పాయింట్ మిగులుతుంది. ఈ ఒక్క పద్ధతి కోసం ఒక రోజంతా పెట్టినా నష్టం లేదు.

టైము కూడా చూసుకో. స్లర్మ్ టర్మ్ (ఆగమని చెప్పే సిగ్నల్) పంపాక కిల్ పంపేలోపు ఇచ్చే గడువు మామూలుగా 30 సెకన్లు. పెద్ద మోడల్ డిస్కుకి చేరడానికి అది చాలదు. జాబ్ అప్పగించే ఎస్‌బ్యాచ్ కమాండ్‌లో సిగ్నల్ ఆప్షన్ ఇచ్చి, జాబ్‌కి ఇచ్చిన సమయం అయిపోవడానికి 600 సెకన్ల ముందే యూజర్1 రమ్మను. అది చెప్పిన దానికన్నా ఒక నిమిషం ముందుగానూ రావచ్చు.

కిల్ 9 మొదట వాడొద్దు. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, సర్దుకోవడానికి సమయం దొరకదు. డిస్క్ కోసం కెర్నల్ లోపల ఇరుక్కున్న ప్రాసెస్ దానికీ వెంటనే లొంగదు. అలాంటిది కనిపిస్తే మళ్లీ మళ్లీ కొట్టకుండా స్టోరేజ్ సంగతి చూడు.

ఈ వారం రెండు నోడ్లు తీసుకుని, అంకెలు లెక్కపెట్టే చిన్న ఎంపీఐ ప్రోగ్రాం రాసి, నడుస్తుండగా యూజర్1 పంపి చూడు. రెండు నోడ్ల చెక్‌పాయింట్లలోనూ ఒకే అంకె ఉందో లేదో నాకు రాయి. లేకపోతే కోడ్ కూడా పంపు, కూర్చుని చూస్తాను.

ఇట్లు,
మీ అత్త