గ్రూపు పెడుతున్న బిడ్డకు పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

పాత గుళ్ళు, శాసనాలంటే ఇష్టమున్నవాళ్ళ కోసం వాట్సాప్ గ్రూపు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చిన్నప్పుడు నిన్ను నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకపోతే, గర్భగుడిలో పొద్దంతా కదలని ఆ నీడ ఏ స్తంభానిదో తేల్చాలని లోపలికీ బయటికీ తిరిగి అన్నం సంగతే మరిచిన పిల్లవు. అలాంటిదానివి ఇప్పుడు పదిమందిని కూడేస్తానంటే గర్వంగా ఉండదా! కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్తా. గ్రూపుకు వేరే సిమ్ తీసుకో. నీ సొంత నంబరు అంతమంది ముందు పెట్టొద్దు. కొత్తవాళ్ళు అడ్మిన్ ఒప్పుకుంటేనే లోపలికొచ్చేలా సెట్టింగ్ మార్చు. నీతోపాటు ఇంకో అడ్మిన్ ఉండాలి, నీకు ఎదురు చెప్పగలిగే మనిషై ఉండాలి. నియమాలు నాలుగైదు వాక్యాల్లో రాసి పైన పెట్టు.

గుడ్ మార్నింగ్ పువ్వులు, ప్లాట్ల ప్రకటనలు, ఎలక్షన్ వీడియోలు ఎట్లాగూ వస్తాయి. వాటికి కోపం తెచ్చుకోకు. పంపేవాళ్ళలో చాలామంది రిటైరై ఒంటరిగా ఉన్నవాళ్ళు, పలకరింపు కోసం పంపుతారు. 'ముచ్చట్లు' అని పక్కన ఇంకో గ్రూపు పెట్టి, అక్కడ వెయ్యండి సార్ అని విడిగా మెసేజ్ పెట్టు. నలుగురిలో చెప్తే చిన్నబుచ్చుకుంటారు.

కాకతీయులది ఏ కులం అని ఏదో ఒక రోజు ఎవరో అడుగుతారు. బయ్యారం చెరువు శాసనంలో వాళ్ళ వంశావళి ఉంది కదా, ఆ పాఠం, అంటే రాతి మీద రాసిన మాటలు, పెట్టి అందులో ఏముందో చదవమను. మాట అక్కడి నుంచి ఇప్పటి కులాల మీదికి మళ్ళిందా, ఆ చర్చ వెంటనే ఆపెయ్. కొంతసేపు అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టుకోవచ్చు. పొద్దున తెరిస్తే సగం వేడి దిగి ఉంటుంది.

ఇక అసలు సంగతికొస్తా. కొన్నేళ్ళ కింద ఇట్లాంటి గ్రూపులోనే ఒకమ్మాయి ఉండేది. డిగ్రీ చదువుతుండేది, పెద్దగా మాట్లాడేది కాదు. ఒకరోజు పేరున్న ఒక పెద్దమనిషి ఒక శాసనం పాఠం పెట్టి, శక సంవత్సరం 1131 అని రాశాడు. పాఠంలో సంవత్సరం పేరు, అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే ఆ పేర్లలో ఒకటి, సిద్ధార్థి అని ఉంది. ఆ అమ్మాయి లెక్క కట్టి, "సార్, 1131కి శుక్ల రావాలి. సిద్ధార్థి అంటే 1121 గానీ 1181 గానీ కావాలి. మూడు అని చదివిన అంకె అరిగిన ఎనిమిదేమో, ఒకసారి చూస్తారా?" అని అడిగింది. ఎంత మర్యాదగా అడిగిందో చూడు! లెక్క కూడా సరైనదే, నేను పంచాంగం తీసి చూశాను.

దానికి ఆయన, నువ్వెంత, నీ చదువెంత, ముందు వంట నేర్చుకో అన్నాడు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. రాత్రికి ఆ అమ్మాయి ఫోన్‌కే విడిగా మెసేజ్‌లు మొదలైనాయి. అవి నేనిక్కడ రాయలేను. ఆమె గ్రూపు పెద్దకు చెప్పుకుంది. ఆయన మంచివాడే, కాదనను. తెల్లారి గ్రూపులో ఏం రాశాడో తెలుసా? "ఇద్దరూ శాంతించండి, మనమంతా ఒకే కుటుంబం."

ఇద్దరూ అట! నేను వెంటనే ఫోన్ చేసి, తిట్టినవాణ్ణీ తిట్లు పడ్డ పిల్లనూ ఒక్క గాటన కడతావా అని అడిగాను. "ఆయన పోతే గ్రూపే పోతదమ్మా" అన్నాడు. సాయంత్రానికి ఆ అమ్మాయి వెళ్ళిపోయినట్టు గ్రూపులో కనబడింది. దాని కిందనే ఎవరో ఏదో గుడి ఫోటో పెట్టారు, అందరూ దండం బొమ్మలు పెట్టారు. ఆమె తర్వాత, ఒకరి వెనక ఒకరు, ఇంకొందరు ఆడపిల్లలు జారుకున్నారు. మిగిలింది ఆ పెద్దమనిషి, ఆయనకు వంత పాడేవాళ్ళు. ఒక్క కొత్త పాఠం చదివినవాళ్ళు లేరు. ఆ అమ్మాయి మళ్ళీ శాసనాల జోలికి పోలేదట. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

అందుకని చెప్తున్నా విను. తిట్టు కనబడగానే ముందు స్క్రీన్‌షాట్ తీసుకో, తర్వాత ఆ మెసేజ్ తీసెయ్. తిట్టినవాడి పేరుతోనే ఒక్క వాక్యం రాయి: ఈ మాట ఇక్కడ కుదరదు. వాదనకు దిగకు. మళ్ళీ అంటే తీసెయ్, ఎంత పండితుడైనా సరే. విడిగా వేధిస్తే మొదటిసారికే తీసెయ్, ఆ పిల్లకు ఇష్టమైతే పోలీసుల షీ టీమ్స్‌కు వెళ్ళడానికి తోడుండు.

2022 నుంచి ఎవరైనా గ్రూపు వదిలిపోతే అడ్మిన్లకు మాత్రమే తెలుస్తుంది, మిగతావాళ్ళకు వెంటనే కనబడదు. అంటే పోయినవాళ్ళను అడగాల్సింది మీరే. అదే రోజు ఫోన్ చెయ్. ఏమైందమ్మా అని అడుగు.

గ్రూపులో ఎవరేం పెట్టినా కేసు అడ్మిన్ మీదికే వస్తుందని మీ నాన్న భయపడుతున్నాడట. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటదని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. కూడబలుక్కొని చేస్తే సంగతి వేరు. నాన్నకు నెమ్మదిగా చెప్పు.

నా భయం ఇంకొకటి. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళు. నారాయణపేట జిల్లా ముడుమాలలోని ఆదిమకాలపు నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి, ఆ చోటు లోకానికంతా తెలుసు, ఇబ్బంది లేదు. కానీ దేవరకొండ వైపు గుట్టల్లో ఒంటరి నందో, వీరగల్లో (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) ఎవరికైనా కనబడితే ఊరి పేరు, లొకేషన్ గ్రూపులో పెట్టనియ్యకు. "కరెక్టుగా ఎక్కడ? రాతి మీద పాము గుర్తుందా?" అని అడిగే కొత్త మనిషిని అనుమానించు. నంది కింద తవ్విన గుంతలు నేను కళ్ళారా చూశాను. అట్లాంటివి దొరికితే తహసీల్దారుకో, పురావస్తు శాఖకో ముందు చెప్పమను. అక్షరాలు కనబడాలని రాయి మీద ముగ్గుపిండి రుద్దే అలవాటు కూడా మాన్పించు. పక్క నుంచి టార్చి వేస్తే చాలు.

రాత్రి పది దాటితే ఫోన్ పక్కన పెట్టు. కోపంలో ఉన్నప్పుడు ఎవర్నీ తీసెయ్యకు, రెండో అడ్మిన్‌ను అడుగు. ఇద్దరికీ తేలకపోతే నాకు పంపు, ఏ వేళైనా చూస్తా. సంక్రాంతికి మహబూబ్‌నగర్ రా, కలిసి ముడుమాల పోదాం. ఆ లోపు నియమాలు రాసి పంపు, ఎరుపు పెన్నుతో దిద్దుతా.

మీ పెద్దమ్మ