ఎర్రటి చిన్న గిన్నె పుట్టగొడుగు: రంగు కన్నా అంచే ముఖ్యం

వాన వెలిశాక అడవిలో కుళ్లిన కొమ్మ మీద చొక్కా బొత్తాం కన్నా చిన్నగా, ఎర్రటి గిన్నెలాంటిది కనిపించిందని, పైనుంచి తీసిన ఒక్క ఫోటో పెట్టి, దాని పేరేమిటని, తినొచ్చా అని అడిగారు.

మొదటిసారి నేను కూడా మీలాగే పైనుంచి ఒక్క ఫోటో తీసుకుని వచ్చేశాను. ఎరుపు చూసి ‘స్కార్లెట్ ఎల్ఫ్ కప్’ అనే ఇంకో ఎర్ర గిన్నె పుట్టగొడుగని రాసిపెట్టుకున్నాను. ఎందుకో అనుమానం తీరక మర్నాడు మళ్లీ వెళ్లి, తడి నేల మీద మోకాళ్లూని భూతద్దంతో చూస్తే, అంచు చుట్టూ నల్లటి వెంట్రుకలు! అచ్చం కనురెప్పల వెంట్రుకల్లా నిక్కి ఉన్నాయి. అంత అందమైనదాన్ని చూడకుండా వచ్చేశానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అది ‘ఐలాష్ కప్’, శాస్త్రీయంగా స్కుటెల్లీనియా అనే ప్రజాతి. మామూలుగా సెంటీమీటరు దాటదు, నీటితో నానిన చెక్క మీద గుంపుగా వస్తుంది. అందులో స్కుటెల్లేటా అనే జాతిని స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే వర్ణించాడు. మీరు చెప్పిన సైజును బట్టి మీదీ ఇదే కావచ్చని నాకనిపిస్తోంది. కానీ కచ్చితంగా ఏ జాతో చెప్పాలంటే సిద్ధబీజాలను (విత్తనాల్లా పనిచేసే సూక్ష్మ కణాలను) మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.

ఎల్ఫ్ కప్ అయితే ఇంకా పెద్దది, రెండు నుంచి అయిదు సెంటీమీటర్లు ఉంటుంది. అంచుకు నల్ల వెంట్రుకలుండవు. గిన్నె బయటివైపు తెల్లగా, సన్నటి నూగుతో ఉంటుంది. చల్లని ప్రాంతాల్లో చలికాలం నుంచి వసంతం మొదలు దాకా, నాచులో కూరుకుపోయిన పుల్లల మీద కనిపిస్తుంది. అందులోనూ కాక్సీనియా, ఆస్ట్రియాకా అని కంటికి ఒకేలా కనబడే రెండు జాతులున్నాయి. ఆ నూగు స్క్రూలా మెలికలు తిరిగి ఉంటే ఆస్ట్రియాకా. ఇది కూడా మైక్రోస్కోప్ పనే.

చెక్క మీద కాకుండా దారి పక్కన తవ్విన మట్టిలో, వెంట్రుకలే లేని నారింజ రంగు గిన్నె కనిపిస్తే అది ‘ఆరెంజ్ పీల్’ అనే పుట్టగొడుగు కావచ్చు. ఉష్ణమండల అడవుల్లో అయితే కుకీనా అనే గిన్నె పుట్టగొడుగును కూడా గుర్తుంచుకోండి, దానికి పొడవాటి కాడ ఉంటుంది, గిన్నెలో వాన నీళ్లు నిలుస్తాయి.

తినే మాట మాత్రం వద్దు. ఫోటో చూసి తినొచ్చని నేనైతే ఎవరికీ చెప్పను.

మళ్లీ వెళ్తే దాన్ని పీకకుండానే పక్కనుంచి ఒకటి, అంచుకు బాగా దగ్గరగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి ఫోటోలు తీయండి. అది పుట్టింది చెక్క మీదో మట్టిలోనో చూసి రాయండి. మెల్లగా ఊదితే ఒక్కోసారి సిద్ధబీజాలు పొగలా లేస్తాయి, అదీ చూడండి. అంచు ఫోటో పెట్టగానే చూసి చెబుతాను.