మాన్యువల్ కాగితం మీదే కావాలంటే చాదస్తమా?

స్వరసందేహాలు: కంప్యూటర్‌తో సంగీతం చేసేవారి ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు, సంగీతం సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌ను కాగితం మీద చదవాలా తెర మీద చదవాలా అన్న ఒకే విషయం చుట్టూ తిరిగాయి కనుక, మిగిలినవాటిని వచ్చే నెలకు ఉంచి ఈ పేజీలు వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ముప్ఫై ఏళ్లుగా వయొలిన్ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి శ్రుతి, తాళం కలిపి ట్రాకులు తయారు చేసి ఇద్దామని ఈ మధ్య ల్యాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్ పెట్టించుకున్నాను. దాని యూజర్ గైడు నాలుగు వందల పేజీలు దాటింది. ప్రింటు తీయించమంటే మా అబ్బాయి నవ్వి, "సెర్చి కొడితే రెండు సెకన్లలో దొరికేదానికి అంత కాగితం ఎందుకు నాన్నా" అంటున్నాడు. తెర మీద చదివింది నాకు బుర్రకెక్కడం లేదు. ఇది వయసుతో వచ్చిన చాదస్తమా? ఒకవేళ తీయించుకుంటే మొత్తం తీయించుకోవాలా?

జవాబు: చాదస్తమేమీ కాదండి. మీ అబ్బాయి చెప్పిందీ తప్పు కాదు. ఆయన మాట్లాడుతున్నది వెతకడం గురించి, మీరు అడుగుతున్నది చదవడం గురించి. వెతకాలంటే ఏ మాట కోసం వెతకాలో ముందే తెలిసి ఉండాలి. శ్రుతి ఎడమ చెవిలోనూ వయొలిన్ కుడి చెవిలోనూ వినబడేలా చేయాలనుకున్నారనుకోండి; దాన్ని ఈ విద్యలో 'పాన్' అంటారని తెలియనివారు సెర్చి పెట్టెలో ఏమని కొడతారు? మూడు ట్రాకులకూ కలిపి ఒకే రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) పెట్టాలంటే 'సెండ్', 'రిసీవ్', 'రూటింగ్' అనే మాటలు కావాలి. ఆ మాటలూ, ఒకదానితో ఒకటికి ఉన్న సంబంధమూ వరుసగా చదువుకుంటూ పోతేనే పట్టుబడతాయి. అవి పట్టుబడిన తరువాత మీ అబ్బాయి చెప్పిన రెండు సెకన్ల సెర్చి మీకూ పనికొస్తుంది.

ఇక వయసు సంగతి. 2000 నుంచి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలను కలిపి చూసి, స్పెయిన్, ఇజ్రాయెల్ పరిశోధకులు 2018లో ఒక విశ్లేషణ ప్రచురించారు. ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవారు మొత్తం మీద 1,70,000 మందికి పైనే. కథలు చదివినప్పుడు కాగితానికీ తెరకూ తేడా కనబడలేదు కానీ, సమాచారం చెప్పే పాఠ్యాన్ని కాగితం మీద చదివినవారికే మెరుగ్గా అర్థమైందని తేలింది. తేడా పెద్దది కాదు, కాని ఉంది. పైగా ఏళ్లు గడిచేకొద్దీ అది తగ్గకపోగా పెరుగుతూ వచ్చింది. తెరలతోనే పెరిగిన తరం వచ్చినా పరిస్థితి మారలేదంటే, నెపం మీ వయసు మీదికి నెట్టడం న్యాయం కాదు. మాన్యువల్‌ను మించిన సమాచార పాఠ్యం మరొకటి ఉండదు కదా.

సంగీతం సాఫ్ట్‌వేర్‌కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఉత్తరం టైపు చేసే సాఫ్ట్‌వేర్ సగం తెరలో సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు. పైన ట్రాకులు, కింద మిక్సరు, మధ్యలో తెరిచిన ప్లగిన్ (అదనంగా జోడించే చిన్న ప్రోగ్రాము) కిటికీ, ఇవే పద్నాలుగు అంగుళాల తెరను నింపేస్తాయి. వాటి మీద గైడు తెరిస్తే, ఏ మీట గురించి చదువుతున్నారో ఆ మీటే కనబడదు. గైడు మూసి మీట దగ్గరకు వచ్చేసరికి, మూడు అంచెల మెనూలో మూడో పేరు మరిచిపోతారు. అందులోనూ మీ ఎడమ చేతిలో వయొలిన్ ఉంటుంది. స్వరాల పుస్తకం పెట్టుకునే స్టాండు మీదే మాన్యువల్ కూడా తెరిచి పెట్టుకోవడం ఎంత హాయో, ఒక్కసారి అలవాటైనవారికి వేరే చెప్పనక్కరలేదు.

మీకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పని ఒకటి చెబుతాను. కీబోర్డు మీద వీణ శబ్దం పెట్టుకుని, షడ్జమం నుంచి పంచమానికి జారు వాయించాలి. అంటే ఏడు స్వరస్థానాలు పైకి, పాశ్చాత్య సంగీతం లెక్కలో ఏడు సెమీటోన్లు. కీబోర్డుకు ఎడమ పక్కన ఉండే పిచ్ బెండ్ చక్రం అందుకే ఉంది కానీ, చాలా వాద్యాల్లో దాని పరిధి మామూలుగా అటు రెండు, ఇటు రెండు సెమీటోన్లే. మీరు చక్రాన్ని చివరిదాకా తిప్పినా స్వరం రిషభం దగ్గరే ఆగిపోతుంది. ఆ పరిధిని 12కు పెంచాలంటే మిడి భాషలో (వాద్యాలూ కంప్యూటరూ మాట్లాడుకునే ప్రమాణం అది) 101వ కంట్రోలర్‌కు, అంటే ఆ నంబరు గల నియంత్రణ సందేశానికి 0, 100వ దానికి 0, 6వ దానికి 12 పంపాలి. ఆ సందేశాన్ని పట్టించుకోని వాద్యమైతే దాని సొంత సెట్టింగుల్లోకి వెళ్లి మార్చాలి. చక్రం పంపే అంకెలు 0 నుంచి 16383 వరకు ఉంటాయి, చక్రం నడిమిన నిలిచినప్పటి అంకె 8192. పరిధి 12 అయినప్పుడు పంచమం ఆ నడిమి అంకెకూ చివరి అంకెకూ మధ్య సగం దాటిన తరువాత వస్తుంది. ఇందులో కొంత వాద్యం మాన్యువల్‌లో ఉంటుంది, కొంత రీపర్ గైడులో ఉంటుంది. రెండు పుస్తకాలూ ఒకేసారి తెరిచి, తెర మీద గీత గీస్తూ, చెవితో వింటూ చేయవలసిన పని ఇది. రెండు పీడీఎఫ్‌లతో ఒకసారి ప్రయత్నించి చూడమని మీ అబ్బాయికే చెప్పండి.

ఇక మొత్తం ప్రింటు తీయించాలా అన్నదానికి జవాబు: వద్దు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట వేరే సాఫ్ట్‌వేర్ ఒకటి కొని, వెయ్యి పేజీలు దాటిన దాని మాన్యువల్ అంతా మా వీధి జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి, మూడు భాగాలుగా స్పైరల్ బైండింగ్ చేయించాను. ఇంటికి తెచ్చి చూస్తే, ఆ సాఫ్ట్‌వేర్ కిటికీలన్నీ ముదురు రంగువి కావడంతో, నలుపు తెలుపులో ప్రతి బొమ్మా తడిపిన పలకలా వచ్చింది. బాణం గుర్తు ఏ మీటను చూపుతోందో భూతద్దం పెట్టి చూసినా తెలియలేదు. మరుసటి ఏడు కొత్త వర్షన్ వచ్చి సగం మెనూలు చోటు మారాయి. రెండో భాగం ఇప్పుడు మా ఇంట్లో స్పీకరు కింద ఎత్తుగా పనిచేస్తోంది. ఆ పనికి మాత్రం చాలా బాగుంది.

కనుక త్వరగా పాతబడనివే కాగితానికి ఎక్కించండి. శబ్దం ఏ దారిన లోపలికి వచ్చి ఏ దారిన బయటికి పోతుందో వివరించే రూటింగ్ అధ్యాయం, రికార్డింగు మొదలుపెట్టే అధ్యాయం, ఎడిటింగ్, మిడి అధ్యాయాలు, ఇవి చాలు. నూట యాభై పేజీల లోపే తేలవచ్చు. మిడి ప్రమాణం 1983లో వచ్చింది. అందులో 7వ కంట్రోలర్ శబ్దం స్థాయి, 64వది సస్టెయిన్ పెడల్ (స్వరాన్ని నిలిపి ఉంచే పెడల్). ఏళ్లు గడిచినా అవి అలాగే ఉన్నాయి, కాబట్టి ఆ పట్టిక ఒక్కసారి ప్రింటు తీస్తే మీ శిష్యులకు కూడా పనికొస్తుంది. ప్రిఫరెన్సులు, థీములు, ఫైలు రకాల జాబితాలు తెర మీదే ఉండనివ్వండి. రీపర్ హెల్ప్ మెనూలో కీబోర్డు షార్ట్‌కట్లన్నీ ఒకే పేజీగా చూపే అంశం ఒకటి ఉంది. మీరు సొంతంగా మార్చుకున్నవి కూడా అందులో కనబడతాయి కనుక, మార్పులన్నీ కుదురుకున్నాక దాన్ని ప్రింటు తీయించి గోడకు అంటించుకోండి.

షాపులో చెప్పవలసినవి రెండు మూడే. మొదట బొమ్మలున్న పేజీ ఒక్కటి తీయించి చూసుకోండి. నల్లగా వస్తే బొమ్మలు ఎక్కువగా ఉన్న పేజీలు మాత్రం రంగులో తీయమనండి. రెండు పక్కలా ప్రింటు వేయించి స్పైరల్ బైండింగ్ చేయిస్తే స్టాండు మీద తెరిచినచోట తెరిచినట్టే నిలబడుతుంది. గమ్ బైండింగ్ నిలబడదు. అట్ట మీద వర్షన్ నంబరు, తేదీ రాయించడం మరవకండి. ఆ తరువాత పక్కన పెన్సిలు పెట్టుకుని, అంచుల్లో తెలుగులో రాసుకుంటూ చదవండి. నేను వాడిన సాఫ్ట్‌వేర్లలో దేనికీ తెలుగు మాన్యువల్ లేదు. మీ పెన్సిలు గీతలే తెలుగు మాన్యువల్ అనుకోవాలి.

ప్రశ్న: హైదరాబాదులో సౌండ్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా సారు గదిలో ఆపిల్ వారి సంగీతం సాఫ్ట్‌వేర్ లాజిక్ పాత పెట్టె ఉంది, అందులో లావుపాటి పుస్తకాలు ఉన్నాయి. ఇప్పుడు ఎంత డబ్బు పెట్టి కొన్నా పుస్తకం ఎందుకు రావడం లేదు?

జవాబు: పెట్టే రావడం లేదు కనుక. మీరు చూసినది బహుశా 2007లో వచ్చిన లాజిక్ స్టూడియో పెట్టెనో, 2009 నాటి దాని తరువాతి వర్షనో అయి ఉంటుంది. 2011 డిసెంబరులో ఆపిల్ దాన్ని తన యాప్ స్టోరులో డౌన్‌లోడ్‌గా అమ్మడం మొదలుపెట్టింది. డిస్కులతో పాటు పుస్తకాలూ పోయాయి. మిగిలిన కంపెనీలూ ఇంచుమించు అదే దారి పట్టాయి. అచ్చు, రవాణా ఖర్చు మిగలడం ఒక కారణమైతే, అంతకంటే పెద్దది సాఫ్ట్‌వేర్ మారే వేగం. ఏబుల్టన్ లైవ్ అనే సంగీతం సాఫ్ట్‌వేర్ 11వ వర్షన్ 2021లో, 12వది 2024లో వచ్చాయి. ఆ మధ్యలో వచ్చిన చిన్న అప్‌డేట్లు కూడా కొత్త సదుపాయాలు తెచ్చాయి. అచ్చయిన పుస్తకం గోదాములో ఉండగానే పాతబడుతుంది.

మాన్యువల్ చేసే పనిలో కొంత సాఫ్ట్‌వేరే తీసుకుందని కూడా ఒప్పుకోవాలి. లైవ్‌లో ఏ మీట మీద మౌసు ఉంచినా ఎడమ వైపు అడుగున దాని వివరం కనబడుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో ఎఫ్1 నొక్కితే అక్కడికక్కడే సహాయం తెరుచుకుంటుంది. ఇవి మంచి సదుపాయాలే. నా ఫిర్యాదు వేరు. అచ్చు పుస్తకం రాసేవాడికి, పాఠకుడు మొదటి పేజీ నుంచి వస్తాడన్న స్పృహ ఉండేది. అందుకని రెండో అధ్యాయంలో చెప్పినదాని మీద మూడో అధ్యాయాన్ని కట్టేవాడు. ఇప్పటి సహాయ పేజీలు ఎవరైనా ఎటు నుంచైనా వచ్చి పడతారన్న లెక్కతో రాస్తున్నారు కనుక, ప్రతి పేజీ దేనికదే విడిగా నిలుస్తుంది. మీట ఏం చేస్తుందో చెబుతుంది కానీ, మీకు ఆ మీట ఎప్పుడు అవసరమవుతుందో చెప్పదు. మీ సారు అనుమతిస్తే ఆ పాత పుస్తకాల్లో మిక్సింగ్, ఆటోమేషన్ (పాట నడుస్తుండగా స్థాయిలు వాటంతటవే మారేలా చేయడం) అధ్యాయాలు చదవండి. బొమ్మలు పాతవే అయినా ఆ వివరణ ఇప్పటికీ పనికొస్తుంది.

ప్రశ్న: విజయవాడలో కీబోర్డు తరగతులు నడుపుతున్నాను. జెరాక్స్ షాపువారు "కాపీరైటు ఉంది, తీయం" అన్నారు. సొంతానికి ప్రింటు తీసుకోవడం నేరమా? పదిహేను మంది విద్యార్థులకు తీయించి, ఖర్చు మాత్రం తీసుకోవచ్చా?

జవాబు: మాన్యువల్‌కు కాపీరైటు ఉండే మాట నిజమే. అయితే 1957 నాటి మన కాపీరైటు చట్టంలో 52వ సెక్షన్, సొంత వాడకానికీ అధ్యయనానికీ న్యాయమైన మేరకు కాపీ తీసుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. ఆ మినహాయింపు కంప్యూటర్ ప్రోగ్రాముకు వర్తించదు కానీ, మాన్యువల్ ప్రోగ్రాము కాదు కదా. కంపెనీ తానే ఇచ్చిన పీడీఎఫ్‌ను మీ బల్ల మీదకు ఒక కాపీ తీసుకోవడం గురించి బెంగపడనక్కరలేదు. పదిహేను కాపీలు తీయించి డబ్బు వసూలు చేయడం మాత్రం, అది అసలు ఖర్చే అయినా, వేరే సంగతి. మాన్యువల్ మొదటి పేజీల్లో సాధారణంగా దీనికి సంబంధించిన షరతులు అచ్చు వేసి ఉంటాయి, ముందు అవి చదవండి. విద్యార్థులకు కంపెనీ పీడీఎఫ్ లింకు పంపి, ఎవరి ప్రింటు వారినే తీసుకోమనడం అన్నిటికంటే తేలిక. ఆ షాపువారికి కూడా పీడీఎఫ్ కంపెనీ సైటు నుంచే వచ్చిందని చూపించండి, సాధారణంగా సరేనంటారు.

ప్రశ్న: కాగితం బదులు టాబ్లెట్ వాడితే సరిపోదా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చాలావరకు సరిపోతుందండి. ల్యాప్‌టాప్ తెర ఖాళీగా ఉండడమే ముఖ్యం కనుక, పది అంగుళాల టాబ్లెట్‌ను స్టాండు మీద పెట్టుకుంటే సగం ఇబ్బంది తీరినట్టే. పీడీఎఫ్ మీద స్టైలస్‌తో రాసుకునే వీలున్నది ఎంచుకోండి, రికార్డింగు జరిగేటప్పుడు నోటిఫికేషన్లు మోగకుండా ఆపండి. నేనైతే టాబ్లెట్‌లో మొత్తం మాన్యువల్ ఉంచుకుని, పిచ్ బెండ్ పేజీ ఒక్కటీ కాగితం మీద కీబోర్డు పక్కనే అంటించుకున్నాను.