గాలివాన మీద రాస్తున్న బిడ్డకు

బిడ్డా,

నీ వ్యాసం అందింది. మొత్తం చదివాను, కొన్నిచోట్ల ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. దేవరకొండ హోటల్లో మీ దోస్తులు, ఆ వాతావరణం పిచ్చి పట్టిన పిల్లలు, ఫోన్లలో శాటిలైట్ బొమ్మలు తెరిచి పెట్టుకుని ఈ ఎండాకాలం మీ ఊరి మీద పడ్డ గాలిదుమారం పెద్దదా, విశాఖను కొట్టిన హుద్‌హుద్ తుఫాను పెద్దదా అని కొట్లాడుకోవడం చాలా బాగా వచ్చింది. చాయ్ చల్లారిపోయినా ఎవరూ తాగకపోవడం దగ్గర నాకు ఆ పిల్లలందరూ కళ్ళ ముందు కనిపించారు. ఆ భాగం ముట్టుకోకు.

తీసేయాల్సింది మూడో పేరాలో ఉంది. "చరిత్రలో కనీవినీ ఎరుగని పెనుగాలి" అని రాశావు, ఆ వెంటనే "ఇది మా ఊరి దివిసీమ" అన్నావు. ఈ రెండు వాక్యాల కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, ఎందుకంటే నీకు చెయ్యి ఉంది, చూపు ఉంది, ఇట్లాంటి వాక్యాలు అలవాటైతే మాత్రం ఆ రెండూ పాడైపోతాయి.

దివిసీమ అంటే ఏంటో ఒకసారి ఆలోచించు. 1977 నవంబర్ 19. తుఫాను తీరం దాటుతుంటే సముద్రం దాదాపు ఐదు మీటర్లు లేచి ఊళ్ళ మీదికి వచ్చింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే దాదాపు పది వేల మంది పోయారు, అసలు లెక్క ఇంకా ఎక్కువే అన్న వాళ్ళు చాలామంది. అక్కడ జనాన్ని చంపింది ఎక్కువగా నీళ్ళు. అందుకే ఆ సీమ వాళ్ళు ఇప్పటికీ దాన్ని ఉప్పెన అనే అంటారు. మీ ఊరేమో రాతి నేల మీద, గుట్టల మధ్య ఉంది. నల్గొండ నుంచి చీరాల తీరానికి గీత గీస్తే దాదాపు 180 కిలోమీటర్లు, మీది అంతకంటే దూరం. మీ ఊళ్ళో రేకులు లేచిపోయాయి, బత్తాయి తోటలు నేలకొరిగాయి, కల్లంలో వడ్లు తడిసిపోయాయి. అది చిన్న విషయమని నేను అనడం లేదు. కానీ దాన్ని పెద్దగా చూపించడానికి ఇంకొకరి పది వేల శవాలను అరువు తెచ్చుకోవద్దు. అట్లా చేస్తే అక్కడ పోయిన వాళ్ళకూ అన్యాయమే, బత్తాయి తోట పోయిన మీ పక్కింటి రైతుకూ అన్యాయమే, ఎందుకంటే చదివేవాడు వెంటనే మనసులో తూకం వేసి "ఓస్, ఇంతేనా" అనుకుంటాడు. ఆయన ఏడేళ్ళ చెట్లు పోవడం అప్పుడు ఎవరికీ ఆనదు.

పోల్చొద్దని చెప్పడం లేదు. మనిషికి పెద్ద గాలి వచ్చిందంటే మొదట పుట్టే ప్రశ్న అదే, ఇంతకు ముందు ఇట్లా ఎప్పుడొచ్చింది అని. మీ దోస్తుల కొట్లాట కూడా అందుకే నాకు నచ్చింది. ఏ విషయంలో పోలుస్తున్నావో ముందు నీకు తేలాలి, అంతే. గాలి వేగమా, ఎంతసేపు వీచిందా, ఎంత నేల మీద వీచిందా, ఎందరు పోయారా, ఎన్ని చెట్లు పడ్డాయా? ఒక్కో కొలతతో ఒక్కో తుఫాను మొదటి స్థానంలోకి వస్తుంది.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇంగ్లాండ్‌ది. అక్కడ వాతావరణం మీద ఇష్టమున్న వాళ్ళు ఏ పెద్ద గాలి వచ్చినా రెండు తేదీలు తీస్తారు. 1987 అక్టోబర్ 15 అర్ధరాత్రి దాటాక దక్షిణ ఇంగ్లాండ్ మీదికి వచ్చింది ఒకటి, 1990 జనవరి 25 పట్టపగలు వచ్చింది ఇంకొకటి. చెట్ల లెక్క చూస్తే 1987ది పెద్దది, దాదాపు కోటిన్నర చెట్లు కూలాయి. 1990లో కూలినవి ముప్పై లక్షలు. కానీ మనుషుల లెక్క తిరగబడుతుంది: 1987లో పోయింది పద్దెనిమిది మంది, 1990లో నలభై ఏడు మంది. ఎందుకు? మొదటిది వచ్చినప్పుడు జనం ఇళ్ళల్లో పడుకుని ఉన్నారు. రెండోది వచ్చేసరికి బడుల్లో, రోడ్ల మీద, పనుల్లో ఉన్నారు, పైగా అది ఇంకా ఎక్కువ నేల మీద వీచింది. చెట్ల సంగతికి కూడా కారణం ఉంది, అక్టోబర్‌లో కొమ్మల నిండా ఆకులున్నాయి, వానలకు నేల మెత్తబడి ఉంది, గాలికి పట్టు దొరికింది. జనవరికి కొమ్మలు బోసిగా ఉన్నాయి. చూశావా, ఏది పెద్దది అని అడిగితే జవాబు దొరకలేదు కానీ, ఎందుకు తేడా వచ్చింది అని అడిగితే ఒక కథ దొరికింది. నీ వ్యాసంలో గాలి ఎన్ని గంటలకు వచ్చిందో లేదు బిడ్డా. సాయంత్రం బర్రెలు ఇంటికి మళ్ళే వేళా? కూలీలు ఆటోల్లో తిరిగొచ్చే వేళా? అర్ధరాత్రా? అది లేకుండా మిగతా ఏదీ అర్థం కాదు.

హుద్‌హుద్ సంగతికి వద్దాం. అది 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది, గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. నీ దోస్తు ఆ అంకె చెప్పి, మన ఊరి గాలి కూడా వంద దాటిందని వాదించాడు. ఆ వంద ఎక్కడిది? ఏ మండలంలోని యంత్రం చూపించింది? ఒక్క క్షణం కొట్టిన విసురా, కొన్ని నిమిషాల సగటా? మన వాతావరణ శాఖ తుఫాను గాలిని మూడు నిమిషాల సగటుతో చెబుతుంది, అమెరికా వాళ్ళు ఒక్క నిమిషం సగటు తీస్తారు, విసురు అంటే మూడు సెకన్లదే. ఒకే గాలికి ఈ లెక్కల్లో వేరే వేరే అంకెలు వస్తాయి. ఈ తేడా తెలియకుండా రెండు అంకెలను పక్కపక్కన పెట్టడం వల్లనే సగం గొడవలు. ఐర్లాండ్‌లో 2025 జనవరిలో ఒక తుఫాను గాలి విసురు, 1945 నుంచి ఉన్న గంటకు 182 కిలోమీటర్ల రికార్డును దాటింది. ఎనభై ఏళ్ళ రికార్డు ఒకటి రెండు కిలోమీటర్ల తేడాతో పోయింది. కొలిచే యంత్రం ఇంకో పది మైళ్ళ అవతల ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకో.

అసలు మన గాలి జాతే వేరు. బంగాళాఖాతం తుఫాన్లు నేల ఎక్కాక బలం తగ్గి, మన దాకా వచ్చేసరికి చాలావరకు వానగా మిగులుతాయి. అందుకే ఈ వైపు చరిత్రలో తుఫాను అంటే నీళ్ళే గుర్తొస్తాయి: 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌ను ముంచిన మూసీ, 2009 అక్టోబర్‌లో కర్నూలునూ మన అలంపురాన్నీ ముంచిన వరద. మనల్ని కొట్టే పెద్ద గాలి మాత్రం ఎండాకాలం మబ్బులోంచి వస్తుంది. రోహిణి కార్తెలో నలభై మూడు నలభై నాలుగు డిగ్రీలు కాస్తుంటే, సముద్రం వైపు నుంచి తేమ కొంచెం చేరిందంటే, మధ్యాహ్నానికి మబ్బు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. దాంట్లోంచి పడే వాన, కింద ఉన్న పొడి గాలిలో కొంత ఆవిరైపోతూ ఆ గాలిని చల్లబరుస్తుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి పడుతుంది. వాకిట్లో బకెట్ నీళ్ళు గుమ్మరిస్తే నాలుగు దిక్కులా చిమ్మినట్టు, నేలకు కొట్టుకుని పక్కలకు పరుగెత్తుతుంది. ఇదంతా పావుగంటలో అయిపోవచ్చు. పక్క ఊళ్ళో ఆకు కూడా కదలకపోవచ్చు. హుద్‌హుద్ అయితే గంటల తరబడి, జిల్లాల మీదుగా వీచింది. కాబట్టి వేగంలో కొంచెం దగ్గరికి వచ్చినా, ఈ రెండూ ఒక తరగతివి కావు.

ఇట్లా పైనుంచి పడే గాలిని కనిపెట్టిన మనిషి కథ నువ్వు తప్పక తెలుసుకోవాలి. టెట్సుయా ఫుజిటా, జపాన్ ఆయన. 1945లో నాగసాకిలో అణుబాంబు పడ్డ తర్వాత అక్కడికి వెళ్ళి, చెట్లు నడిమి నుంచి బయటికి, చుట్టూరా వాలిపోయి ఉండడం చూశాడు. దాదాపు ముప్పై ఏళ్ళకు, 1974లో, అమెరికాలో టోర్నడోలు విరుచుకుపడ్డ తర్వాత విమానంలోంచి చూస్తుంటే కొన్నిచోట్ల చెట్లు మెలి తిరిగినట్టు కాక అదే తీరులో, నడిమి నుంచి బయటికి పడి ఉన్నాయి. ఇది సుడిగాలి పని కాదు, పైనుంచి పడ్డ గాలి పని అని ఆయనకు అప్పుడు తట్టింది. చాలామంది శాస్త్రవేత్తలు మొదట ఒప్పుకోలేదు. మరి నువ్వేమో "వందలాది చెట్లు నేలకూలాయి" అని ఒక్క వాక్యంతో దాటేశావు. ఎటు పడ్డాయి? అన్నీ ఒకే దిక్కుకా, విసనకర్ర విప్పిన తీరుగానా, అడ్డదిడ్డంగానా? బత్తాయి వేళ్ళతో లేచిందా, మొదట్లో విరిగిందా? చెట్టు వేళ్ళతో లేచి పడిందంటే, చెట్లకూ ఇళ్ళకూ ఏమైందో చూసి గాలి వేగం అంచనా కట్టే బోఫర్ట్ పట్టిక ప్రకారం గాలి గంటకు దాదాపు తొంభై నుంచి వంద కిలోమీటర్ల మధ్య ఉండి ఉంటుంది. నేల తడిసి ఉంటే అంత అక్కర్లేదు, ఇందాకటి అక్టోబర్ చెట్లు గుర్తు పెట్టుకో. యంత్రం లేని ఊళ్ళో ఇవే నీ యంత్రాలు. ఎవరైనా కోసి కట్టెలు చేసేలోపు వెళ్ళి చూడాలి.

మీ తాత మాట ఒకటి పెట్టావు, "మా చిన్నప్పుడు ఇంతకంటే పెద్దది వచ్చింది, గుడి ముందరి చింతచెట్టు లేచిపోయింది" అని. అది వ్యాసంలోకెల్లా విలువైన వాక్యం, కానీ అలాగే వదిలేశావు. ఎప్పుడని అడుగు. ఆయన సంవత్సరం చెప్పలేకపోవచ్చు, ఇట్లా అడుగు: నాగార్జునసాగర్ డ్యామ్ కట్టకముందా తర్వాతా? సాగర్‌కు 1955 డిసెంబర్‌లో పునాది వేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు, ఇటు నల్గొండ వైపు పెద్దవాళ్ళకు ఈ రెండూ మనసులో పాతుకున్న రాళ్ళు. రజాకార్ల గొడవ అప్పటికి అయిపోయిందా? పెద్దత్త పెళ్ళయిందా? ఇదేమీ వెకిలి పని కాదు. ఐర్లాండ్‌లో 1839 జనవరి 6 రాత్రి ఒక భయంకరమైన గాలి వచ్చింది. 1909లో డెబ్భై ఏళ్ళు దాటిన వాళ్ళకు పింఛన్ మొదలైనప్పుడు, పుట్టిన తేదీ కాగితం లేని ముసలివాళ్ళను "పెద్ద గాలి రాత్రి నీకు గుర్తుందా" అని అడిగి వయసు నిర్ధారించారు. ఒక గాలి ఒక తరానికి జన్మ పత్రం అయింది! అట్లాగే ఆ గాలి గుర్తుందని చెప్పి వయసు పెంచుకున్న వాళ్ళూ ఉన్నారు, కాబట్టి తాత మాటను ఇంకో ఇద్దరు పెద్దల దగ్గర కూడా అడిగి చూడు. వాళ్ళు ముగ్గురూ మూడు రకాలుగా చెబితే ఆ మూడూ రాయి.

ఇంకొకటి, నిజంగా పోల్చదగ్గది మీ పక్కనే ఉంది, నువ్వు చూడలేదు. 2024 మే 26. నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ళ ఫారం షెడ్డు గాలికి కూలి నలుగురు చనిపోయారు. అదే రోజు రాష్ట్రంలో ఇంకా చాలామంది గోడలు కూలి, చెట్లు పడి, పిడుగులకు పోయారు. అదీ రోహిణి కార్తె గాలే, అదీ మీ డిండి వాగుకు అవతల అంత దూరం కాని చోటే. మీ ఊరి గాలిని దానితో పోల్చు. గోడలు ఎట్లాంటివి, రేకులను కట్టారా లేక రాళ్ళు పెట్టి వదిలేశారా, జనం ఎక్కడ తలదాచుకున్నారు? గాలి వేగం రెట్టింపు అయితే అది తోసే బలం నాలుగింతలు అవుతుంది. యాభై కిలోమీటర్ల గాలికి నిలబడ్డ షెడ్డు వంద కిలోమీటర్ల గాలికి నాలుగు రెట్లు ఆపుకోవాలి. రేకు మీద పెట్టిన రాయి అప్పుడు రక్షణ కాదు, ఎవరి తల మీదో పడేది అవుతుంది. ఇది రాస్తే వచ్చే ఏడాది ఒక్క ఇంట్లోనైనా రాళ్ళు దింపి రేకులను బోల్టులతో బిగిస్తారని నాకు ఆశ.

భాష గురించి ఎక్కువ చెప్పను. బీభత్సం, విలయతాండవం, అతలాకుతలం, ఈ మూడూ కొట్టేయి, అవి ఏ జిల్లా ఎడిషన్‌లోనైనా ఏ గాలికైనా అతుకుతాయి, కాబట్టి ఏ గాలికీ చెందవు. "ధాన్యం కొనే ఐకేపీ సెంటర్‌లో వడ్ల మీద కప్పిన పట్టా ఎగిరిపోయి కరెంటు తీగకు చుట్టుకుంది" అని నువ్వే రాశావు కదా, ఆ గాలి మీ ఊరిదే, ఇంకెక్కడిదీ కాదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. మూడో పేరా తీసేసి, ఆ చోటులో మీ దోస్తుల వాదన పెంచు, ఒకడు హుద్‌హుద్ అంటే ఇంకొకడు "ఎన్ని నిమిషాల సగటురా?" అని అడగనీ. తాత దగ్గర ఒక సాయంత్రం కూర్చో. బత్తాయి తోట రైతుకు ఎన్ని చెట్లు పోయాయో, వాటి వయసెంతో ఆయన నోటితోనే చెప్పించు. నష్టం రాసుకోవడానికి సార్లు వచ్చారా లేదా కూడా అడుగు. మృగశిర వానలు పడితే అందరూ దున్నకాల్లో పడతారు, నీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు, ఈలోపే ముగించుకో. తిరగరాసింది నాకు పోస్టులో పంపు, ఫోన్‌లో చదవడం నా కళ్ళకు కష్టంగా ఉంది.

ప్రేమతో,
నల్గొండ నుంచి నీ పెద్దమ్మ